మాటల కోసం మలిచిన గదులు

డబ్లిన్‌లో డేమ్ స్ట్రీట్ పేవ్‌మెంట్ మీద ఒక దుప్పి తల పరిచారు. చిన్న చిన్న రంగు రాతి ముక్కలు పేర్చి చేసిన మొజాయిక్ అది. పక్కన ఉన్న సందులోకి తిరగమని దారి చూపించడం దాని పని. ఆ సందు దాటితే స్టాగ్స్ హెడ్ అనే పబ్ వస్తుంది. పెద్ద వీధి మీద తలుపు లేని దుకాణం తన బోర్డును జనం నడిచే నేల మీదే వేయించుకుంది. వర్షం రోజుల్లో తల వంచుకుని నడవడం అలవాటైన ఊరిలో ఇది చాలా తెలివైన పని.

పబ్ లోపలికి వెళ్ళగానే గమనించవలసింది వెలుతురు. కట్టడం ఇరుకు సందుల మధ్య ఉంది కాబట్టి నేరుగా ఎండ పడదు. ఉన్న కొద్ది వెలుతురును ఎత్తైన రంగుటద్దాల కిటికీలతో లోపలికి తీసుకున్నారు. అద్దాల రంగు వల్ల బయటివాళ్ళకు లోపల కూర్చున్నవాళ్ళ ముఖాలు కనిపించవు, లోపలివాళ్ళకు మాత్రం పగలు ఎంతవరకు వచ్చిందో తెలుస్తూనే ఉంటుంది. కౌంటర్ మీద ఎర్ర పాలరాయి, దాని వెనక మహోగనీ కర్రతో కమానులు కమానులుగా లేపిన అల్మారా, పైన గోడ మీద పెద్ద కొమ్ములతో దుప్పి తల. వెనకవైపు ఒక చిన్న గది ఉంది. దానికి పైకప్పులోంచి వెలుతురు వస్తుంది. 1890ల మధ్యలో ఈ రూపం ఇచ్చారు. అప్పటి నుంచి కౌంటర్ జరగలేదు, కమానులు జరగలేదు.

ఐర్లాండ్ వెళ్ళేవాళ్ళకు ఎవరైనా పబ్‌ల జాబితా ఇస్తే అందులో పాట ఎక్కడ బాగుంటుంది, బీరు ఎక్కడ బాగుంటుంది అనే లెక్కే ఎక్కువగా ఉంటుంది. నేను డబ్లిన్ పాత పబ్‌లను కర్ర పని కోసం, గాజు పని కోసం చూడమంటాను. మందు ముట్టనివాళ్ళు కూడా ఒక కప్పు టీ చెప్పి కూర్చుని చూడవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం రాత్రి 9 లోపు, మే నుంచి సెప్టెంబరు దాకా అయితే 10 లోపు బయటికి వచ్చేయాలి. చదువుకో ఉద్యోగానికో వెళ్ళి ఆ ఊరిలో ఉంటున్న మనవాళ్ళు చాలామంది ఈ తలుపుల ముందు నుంచే రోజూ బస్సుకు నడుస్తుంటారు. లోపల ఉన్నది ఒక నగరం తన మాటల కోసం కట్టుకున్న గదుల సముదాయం అని వాళ్ళకు చెప్పాలని నా కోరిక. నలుగురి మధ్య ఉంటూనే ఇద్దరు విడిగా మాట్లాడుకోవడం ఎలా? అపరిచితుల పక్కన కూర్చుని కూడా ఇబ్బంది పడకుండా ఉండటం ఎలా? ఈ ప్రశ్నలకు డబ్లిన్ వడ్రంగులు అంగుళాలలో జవాబు చెప్పారు.

ఈ పబ్‌లలో ఎక్కువ భాగం పంతొమ్మిదో శతాబ్దపు చివరి ఇరవై ఏళ్ళలో ఇప్పటి ముస్తాబు చేసుకున్నవి. సౌత్ గ్రేట్ జార్జెస్ స్ట్రీట్‌లోని లాంగ్ హాల్ అలంకరణ 1881 నాటిది. పార్క్‌గేట్ స్ట్రీట్‌లోని రయన్స్ 1896 నాటిది. ఆ తర్వాత 1902లో వచ్చిన చట్టంతో ఐర్లాండ్‌లో కొత్త మద్యం లైసెన్సు పుట్టడం దాదాపు ఆగిపోయింది. ఉన్న లైసెన్సే ఆస్తి అయింది. దుకాణం చేతులు మారినా దుకాణంగానే మిగిలింది. ఇప్పుడు వీటిలో చాలావాటిని రక్షిత కట్టడాల జాబితాలో పెట్టారు కాబట్టి యజమాని తన ఇష్టానికి గోడ పడగొట్టలేడు, కౌంటర్ మార్చలేడు. ఇంత కర్ర, ఇంత గాజు ఒకే ఊరిలో నిలబడటానికి అభిరుచి ఎంత కారణమో చట్టమూ అంతే కారణం.

అన్నిటికంటే ముందు స్నగ్ గురించి చెప్పాలి. స్నగ్ అంటే పబ్ లోపల, కౌంటర్‌ను ఆనుకుని, కర్ర పలకలతో విడదీసిన చిన్న గది. నలుగురైదుగురు పట్టే బల్ల, రెండు గోడల వెంట బెంచీలు, లోపలి నుంచి వేసుకునే గడియ, కౌంటర్ వైపు తెరుచుకునే చిన్న కిటికీ. కావలసింది ఆ కిటికీలోంచి అడిగి తీసుకోవచ్చు, హాల్లో ఉన్నవాళ్ళకు కనిపించనక్కర లేదు. పోలీసులు, మతగురువులు, పలుకుబడి ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు ఇందులో కూర్చునేవారు.

బ్యాగట్ స్ట్రీట్‌లోని టోనర్స్‌లో ముందు కిటికీ పక్కనే ఉన్న స్నగ్‌ను తీరిగ్గా చూడాలి. పలక గోడ మనిషి కూర్చుంటే తల దాటి, నిలబడితే కొంచెం పైకి ఉంటుంది. అంటే కూర్చున్నవాళ్ళకు పూర్తి చాటు, అయినా పైన ఖాళీ వదిలారు కాబట్టి హాల్లోని సందడి లోపలికి వస్తూనే ఉంటుంది. పైకప్పు దాకా గోడ కట్టి ఉంటే అది మూసిన కొట్టు అయిపోయేది. సగంలో ఆపేసి ఉంటే చాటు ఉండేది కాదు. సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ పనితనం. పలకల కింది భాగం గట్టి కర్ర, పై భాగం గరుకు చేసిన అద్దం. అద్దంలోంచి అవతల ఒక నీడ కదలడం తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. కవి యేట్స్ జీవితంలో ఒక్కసారే పబ్‌కు వచ్చాడనీ, అది ఈ స్నగ్‌కేననీ, ఒక షెర్రీ తాగి ఇక పబ్ చూశాను ఇంటికి పదమన్నాడనీ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, కూర్చునే చోటు చూస్తే నమ్మబుద్ధి అవుతుంది.

స్నగ్ గోడ చేసే పద్ధతి కూడా చూడదగ్గది. ఒకే వెడల్పు పలక నిలబెడితే చెమ్మకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని చీలుతుంది. డబ్లిన్‌లో తేమకు కొదవ లేదు. జనం ఊపిరి, తడిసిన కోట్లు, నిప్పు గూడు వేడి అన్నీ ఒకే గదిలో ఉంటాయి. అందుకే ముందు గట్టి చట్రం బిగించి, దాని లోపలి అంచుల్లో గాడి తీసి, పలచని పలకను ఆ గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెడతారు. వాతావరణం మారినప్పుడు పలక గాడిలో తనంతట తాను కొద్దిగా జరుగుతుంది, చట్రం కదలదు. చట్రానికీ పలకకూ మధ్య అంచు మీద సన్నని వంపు పట్టీ ఉంటుంది. అది అందానికి పెట్టారనిపిస్తుంది, నిజానికి ఆ జరుగుబాటు కంటికి కనపడకుండా దాచడం కూడా దాని పనే. నూరేళ్ళు దాటినా ఈ తలుపులు బిర్రబిగియకుండా తెరుచుకోవడానికి ఇదే కారణం.

స్నగ్‌ను మెచ్చుకునేటప్పుడు ఇంకో సంగతి దాచకూడదు. ఆడవాళ్ళు అందులో కూర్చున్నది ఇష్టం కొద్దీ మాత్రమే కాదు, చాలా పబ్‌లలో హాల్లోకి వాళ్ళను రానిచ్చేవారు కాదు. రానిచ్చినా పైంట్ గ్లాసులో బీరు ఇచ్చేవారు కాదు. 1970ల మొదట్లో పాత్రికేయురాలు నెల్ మెకాఫర్టీ, మరికొందరు స్త్రీలు డబ్లిన్‌లోని ఒక పబ్‌కు వెళ్ళి తలా ఒక బ్రాందీ చెప్పి తీసుకున్నారు. తర్వాత ఒకే ఒక్క పైంట్ గిన్నిస్ అడిగారు. పబ్‌వాళ్ళు ఇవ్వం అన్నారు. అడిగింది పూర్తిగా ఇవ్వలేదు కాబట్టి డబ్బు కట్టేది లేదని బ్రాందీలు తాగేసి లేచి వచ్చారు. అటువంటి వివక్షను చట్టం స్పష్టంగా నిషేధించింది 2000లో. ఇప్పుడు స్నగ్ కోసం అందరూ పోటీ పడతారు. ఎవరిని దాచడానికి కట్టారో వాళ్ళే ముందుగా వచ్చి గడియ వేసుకోవడం చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

స్నగ్ దొరకనివాళ్ళకు కౌంటర్ ఉంది. టోనర్స్ నుంచి నాలుగడుగులు వేస్తే డొహెనీ అండ్ నెస్బిట్ వస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలు దగ్గర కావడంతో రాజకీయ నాయకులు, విలేకరులు, ఆర్థికవేత్తలు ఇక్కడ చేరేవారు. 1980లలో వాళ్ళ వాదనలకు డొహెనీ అండ్ నెస్బిట్ అర్థశాస్త్ర పాఠశాల అని పేరు కూడా పడింది. ఇక్కడ కౌంటర్ మీద అక్కడక్కడ చిన్న అడ్డుతెరలు నిలబెట్టారు. చెక్కిన కర్ర చట్రం, మధ్యలో అద్దం. మనిషి కౌంటర్‌కు ఆనుకుని నిలబడితే పక్కవాడి ముఖం ఆ తెర వెనక్కి పోతుంది, చేయి మాత్రం కనిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే ఇద్దరూ మళ్ళీ ఒకే గుంపు. మాట్లాడాలనుకుంటే వెనక్కి జరగాలి, వద్దనుకుంటే ముందుకు వంగాలి. ఎదుటివాడిని నొప్పించకుండా మాట ముగించుకునే వీలు ఒక కర్ర ముక్క కల్పిస్తోంది. ఇంత సున్నితంగా మనుషుల మనసెరిగి చేసిన సామాను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫ్లీట్ స్ట్రీట్‌లోని ప్యాలెస్ బార్‌లోనూ ఇలాంటి తెరలున్నాయి. ఈ పబ్ 1823 నాటిది. ఐరిష్ టైమ్స్ పత్రికకు 1934 నుంచి 1954 దాకా సంపాదకుడిగా ఉన్న స్మైలీ తన కొలువు ఇక్కడే తీర్చేవాడు. పాట్రిక్ కావనా, ఫ్లాన్ ఓబ్రయన్ లాంటి రచయితలు ఆయన చుట్టూ చేరేవారు. వెనక గదికి పైకప్పు మీదే రంగుటద్దాలు అమర్చారు. ముందు భాగం సన్నగా చీకటిగా ఉండి, వెనక గదిలో హఠాత్తుగా పైనుంచి వెలుతురు దిగుతుంది. వచ్చిపోయేవాళ్ళు ముందు నిలబడతారు, చాలాసేపు ఉండేవాళ్ళు వెనక్కి వెళతారు. ఏ బోర్డూ ఆ సంగతి చెప్పదు. వెలుతురే చెబుతుంది.

అద్దాల గురించి ఆగి చెప్పుకోవాలి. విస్కీ కంపెనీల పేర్లతో గోడలకు తగిలించిన పెద్ద అద్దాలు చాలా పబ్‌లలో కనిపిస్తాయి. జేమ్సన్, పవర్స్ పేర్లు బంగారు రంగులో మెరుస్తుంటాయి. వాటిని చేసే పని అంతా వెనకవైపు నుంచి, తిరగేసి జరుగుతుంది. ముందు గాజు మీద ఆమ్లం తాకకూడని చోటంతా ఒక పూత పూస్తారు. మిగిలిన చోట ఆమ్లం గాజును తింటూ గరుకు చేస్తుంది. ఎంతసేపు ఉంచారన్న దాన్ని బట్టి ఒకే అక్షరంలో రెండు మూడు రకాల తెలుపు వస్తుంది. తర్వాత బంగారు రేకు. అది ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పలచన. గాజు మీద పలచని జెలటిన్ నీళ్ళు పారించి, వెడల్పు కుంచె కొసతో రేకును అలా వదిలితే నీటి మీద తేలి పరుచుకుంటుంది. ఆరాక ఎక్కువైంది గీకేసి, అక్షరాల అంచుకు నీడ రంగు వేసి, ఆ పైన మిగతా రంగులు వేస్తారు. కాన్వాస్ మీద చివర వేసే రంగు గాజు మీద ముందు వేయాలి, అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయాలి. తప్పు జరిగితే దిద్దడానికి వీలుండదు. ఇంత శ్రమపడి చేసింది ఒక సరుకు ప్రకటన. కానీ పబ్ లోపల దానికి వేరే ఉద్యోగం ఉంది. కౌంటర్ వైపు తిరిగి కూర్చున్న మనిషి వెనక్కి చూడకుండానే తలుపులోంచి ఎవరు వచ్చారో ఆ అద్దంలో చూసుకుంటాడు.

ఇక మహోగనీ. ఉష్ణమండలపు అడవుల నుంచి ఓడల్లో వచ్చిన కర్ర ఇది. దీనికి ఆ లోతైన మెరుపు తెచ్చే ఫ్రెంచ్ పాలిష్‌కు మూలం లక్క. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌కు లక్క ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళేది. స్పిరిట్‌లో కరిగించిన లక్కను, దూది చుట్టిన గుడ్డ ఉండతో కర్ర మీద సున్నాలు చుట్టినట్టు రుద్దుతారు. ఒక పూత కంటికి ఆనదు. పదుల పూతలు పడ్డాక కర్ర లోపలి నారలు నీటి అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. పద్ధతి వేరు, పదార్థం మాత్రం ఒకటే. లక్కకు ఒక బలహీనత ఉంది. స్పిరిట్‌లో కరిగేది కాబట్టి స్పిరిట్ ఒలికితే పాడవుతుంది. విస్కీ ఒలికే చోట ఆ పాలిష్ నిలవదు. వెనక అల్మారా, తెరలు, కమానులు లక్క మెరుపుతో ఉండి, మోచేతులూ గ్లాసులూ ఆనే చోట రాయి గానీ వేరే రకం పూత గానీ ఉండటంలో అందంతో పాటు ఈ వివేకం కూడా ఉంది. స్టాగ్స్ హెడ్ ఎర్ర పాలరాతిని మరోసారి చూస్తే ఈ మాట అర్థమవుతుంది.

డబ్బు చాలని చోట పైన్ కర్రకే మహోగనీ వేషం వేశారు. లేత రంగు వేసి, దాని మీద చిక్కని గోధుమ రంగు పూసి, అది ఆరేలోపు దువ్వెనలతో, కుంచెలతో, గుడ్డతో గీతలు లాగి కర్ర నారలను, ముడులను కల్పించేవారు. అది మోసమని కొందరంటారు, నేను ఒప్పుకోను. చెట్టును అంత శ్రద్ధగా చూసినవాడే దాన్ని చేత్తో మళ్ళీ గీయగలడు.

లాంగ్ హాల్ దగ్గర ఈ పనులన్నీ ఒకేసారి ఎదురవుతాయి. పేరుకు తగ్గట్టు పొడవాటి హాలు, ఎర్ర గద్దెల స్టూళ్ళు, వేలాడే షాండ్లియర్లు, చెక్కిన కమాను, పాత గోడ గడియారం, ఎటు చూసినా అద్దాలు. 1982లో రాక్ గాయకుడు ఫిల్ లైనట్ తన ఓల్డ్ టౌన్ పాట చిత్రీకరణ ఇక్కడ జరిపాడు. కొందరికి ఇంత మెరుపు ఎక్కువనిపిస్తుంది. నాకు మాత్రం ఆ కమాను దగ్గర నిలబడితే చేసినవాళ్ళ ఉద్దేశం తెలుస్తుంది. పొడుగాటి గది సొరంగంలా అనిపించకుండా మధ్యలో కమాను పెట్టి రెండు గదులన్న భావన కలిగించారు. అద్దాలు ఎదురెదురుగా ఉండటంతో వెడల్పు లేని గది వెడల్పయింది. అలంకారం అనుకున్నది కొలతల దిద్దుబాటు.

సౌత్ ఆన్ స్ట్రీట్‌లోని కీహోస్‌లో ఇంకో కథ ఉంది. అప్పట్లో డబ్లిన్ పబ్ చాలాచోట్ల కిరాణా కొట్టు కూడా. ఒక పక్క విస్కీ, ఇంకో పక్క టీ ఆకు, బియ్యం, కాఫీ. కీహోస్ కౌంటర్ వెనక చిన్న చిన్న మహోగనీ సొరుగులు వరుసగా ఇప్పటికీ ఉన్నాయి. ఇంటికి సరుకులు కొనడానికి వచ్చిన ఇల్లాలు స్నగ్‌లోకి జరిగి ఒక గ్లాసు తీసుకుని వెళ్ళేది. కొట్టుకూ పబ్‌కూ మధ్య అడ్డుగోడ అందుకే పుట్టింది. మేడమీద పాత యజమాని కాపురం ఉన్న గదుల్లో ఇప్పుడు జనం కూర్చుంటారు. ఎవరి ఇంటి ముందు గదిలోనో అతిథులుగా ఉన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ప్రపంచమంతటా ఐరిష్ పబ్ పేరుతో ఇవే సొరుగులు కనిపిస్తాయి. వాస్తుశిల్పం చదివే రోజుల్లోనే డబ్లిన్ పబ్‌లను కొలిచి అధ్యయనం చేసిన మెల్ మెక్‌నాలీ తర్వాత ఐరిష్ పబ్ కంపెనీ పెట్టాడు. 1990ల నుంచి కౌంటర్లు, తెరలు, అల్మారాలు ఐర్లాండ్‌లో చేయించి కంటైనర్లలో దేశదేశాలకు పంపుతోంది ఆ కంపెనీ. ఆ పనిలో నైపుణ్యం లేకపోలేదు. కానీ టీ ఆకు వాసన పట్టిన సొరుగు వేరు, సొరుగు బొమ్మ వేరు. మన ఊళ్ళో ఎక్కడో ఐరిష్ పబ్ చూసి ఇంతేనా అనుకున్నవాళ్ళు కీహోస్ చూడాలి.

టీ మాట వచ్చింది కాబట్టి గ్రాఫ్టన్ స్ట్రీట్‌లోని బ్యూలీస్ కెఫేకు వెళదాం. చైనాతో టీ వ్యాపారం మీద ఈస్ట్ ఇండియా కంపెనీ గుత్తాధిపత్యం పోయాక, 1835లో శామ్యూల్ బ్యూలీ, ఆయన కొడుకు చార్ల్స్ కాంటన్ నుంచి నేరుగా డబ్లిన్‌కు 2,099 పెట్టెల టీ తెప్పించారు. ఆ కుటుంబం 1927లో గ్రాఫ్టన్ స్ట్రీట్ కెఫే తెరిచింది. తూటన్‌ఖామెన్ సమాధి బయటపడి అయిదేళ్ళే అయింది, అందుకే ముఖద్వారం మీద ఈజిప్టు తరహా మొజాయిక్ వేయించారు. లోపల మాత్రం అసలు నిధి హ్యారీ క్లార్క్ చేసిన రంగుటద్దాల కిటికీలు.

క్లార్క్ డబ్లిన్‌లో 1889లో పుట్టాడు. చర్చిల కోసం చేసిన కిటికీలతో పేరు తెచ్చుకున్నాడు. క్షయతో 41 ఏళ్ళకే పోయాడు. బ్యూలీస్ కిటికీలు ఆయన చివరి ఏళ్ళ పని. వాటిలో నాలుగు కిటికీలకు ఇతివృత్తం నాలుగు స్తంభ శైలులు: డోరిక్, అయోనిక్, కొరింథియన్, కాంపోజిట్. రాతి స్తంభం లాంటి బరువైన విషయాన్ని ఎంచుకుని దాని చుట్టూ పూలు, పక్షులు, సీతాకోకచిలుకలు అల్లాడు. ఆయన చేతి గొప్పతనం ఆమ్లం పనిలో ఉంది. తెల్ల గాజు మీద పలచని రంగు గాజు పొర అతికిన పలకలు తీసుకుని, ఆ రంగు పొరను ఆమ్లంతో కొద్దికొద్దిగా కరిగించేవాడు. ఒకే ముక్కలో ముదురు ఎరుపు నుంచి గులాబీ మీదుగా తెలుపు దాకా అన్ని ఛాయలూ వస్తాయి, మధ్యలో సీసపు గీత అవసరం లేదు. చర్చిలో ఇలాంటి కిటికీని చూడాలంటే మెడ ఎత్తాలి. ఇక్కడ టీ కప్పు ముందు పెట్టుకుని కంటి ఎత్తున చూడవచ్చు.

ఆ కిటికీలు ఎవరివన్న తగాదా కోర్టుకెక్కింది. 2023లో ఐర్లాండ్ హైకోర్టు ఆరు కిటికీలలో నాలుగు కట్టడంలో భాగం కాబట్టి స్థలం యజమానివనీ, మిగతా రెండూ కెఫేవనీ తీర్పు చెప్పింది. గాలివానను ఆపే అసలు కిటికీలు అవేనా, లేక వేరే కిటికీ ముందు అమర్చిన అలంకారమా అనేది ఆ తీర్పులో కీలకమైంది. ఒక కళాకారుడి పని వాన ఆపుతుందా అని న్యాయస్థానం పరిశీలించింది. క్లార్క్‌కు ఇది అవమానం అనుకోను. వాన ఆపుతూ కూడా అంత అందంగా ఉండటం చిన్న విషయం కాదు.

కర్ర, గాజు వెనకటివాళ్ళ పని. ఇప్పటివాళ్ళ చేతి పని చూడాలంటే పూల్‌బెగ్ స్ట్రీట్‌లోని మలిగన్స్‌లో కౌంటర్ ముందు నిలబడాలి. 1854 నుంచి అదే చోట ఉన్న పబ్ అది. జేమ్స్ జాయిస్ డబ్లినర్స్‌లోని కౌంటర్‌పార్ట్స్ కథలో దీని పేరు వస్తుంది. ఇక్కడ బార్‌మన్ గిన్నిస్ పోయడం చూడండి. గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పాతిక వంతు నింపి పక్కన పెట్టేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తమను మరిచిపోయాడనుకుని చేయి చాస్తారు. మరిచిపోలేదు. లోపల తేనె రంగు నురగ తుఫానులా తిరుగుతూ నల్లగా తేరుకోవాలి. తేరుకున్నాక కుళాయి పిడిని వెనక్కి నెట్టి నెమ్మదిగా పై భాగం నింపుతాడు. నురగ గ్లాసు అంచు దాటి కొద్దిగా ఉబ్బుతుంది, ఒలకదు. కంపెనీ లెక్కలో దీనికి 119.5 సెకన్లు. మంచి బార్‌మన్ గడియారం చూడడు. అయిదారు గ్లాసులు వరుసగా పెట్టి, ఏది తేరుకుందో కంటితోనే గుర్తించి ఒక్కొక్కటీ పూర్తి చేస్తూ, మధ్యలో ఎవరికో చిల్లర ఇస్తూ, ఇంకెవరితోనో నిన్నటి ఆట గురించి మాట్లాడుతుంటాడు.

ఈ రెండు విడతల పద్ధతి పాత పీపాల కాలం నాటిది. నురగెత్తే కొత్త బీరు ఒక పీపాలోంచి, నిలవున్న బీరు ఇంకో పీపాలోంచి పట్టి కలిపేవారు. 1959లో గిన్నిస్ సంస్థలో పనిచేసిన గణితవేత్త మైకేల్ యాష్ నైట్రోజన్ వాడే పద్ధతి తెచ్చాడు. నైట్రోజన్ బీరులో అంతగా కరగదు, బుడగలు చాలా సన్నగా వస్తాయి, అందుకే నురగ మీగడలా నిలుస్తుంది. గ్లాసు గోడ వెంట ఆ బుడగలు కిందికి దిగుతున్నట్టు కనిపించడం కనికట్టు కాదు, నిజంగానే దిగుతాయి. గ్లాసు పైకి వెడల్పవుతుంది కాబట్టి బుడగలు నిటారుగా లేచినప్పుడు గోడ పక్కన బుడగలు తక్కువున్న బరువైన ద్రవం మిగులుతుంది. అది కిందికి జారుతూ చుట్టుపక్కల బుడగలను తనతో లాక్కుపోతుంది, మధ్యలో మిగతావి పైకి పోతాయి. లిమరిక్ విశ్వవిద్యాలయ గణితవేత్తలు 2012లో దీన్ని లెక్కగట్టి చూపించారు. గ్లాసు ఆకారం కూడా పనితనంలో భాగమేనన్నమాట.

తిండి సంగతికి వస్తే, పబ్ వంట పెద్ద హంగుల వంట కాదు. డ్యూక్ స్ట్రీట్‌లోని డేవీ బర్న్స్‌లో జాయిస్ యులిసిస్ నవల కథానాయకుడు బ్లూమ్ తిన్న గోర్గొంజోలా చీజ్ శాండ్‌విచ్ ఇప్పటికీ అడిగి తినవచ్చు. గ్రోగన్స్ పబ్‌లో చీజ్ టోస్ట్ చేసిచ్చినప్పుడు పక్కన ఘాటైన ఆవపిండి ముద్ద పెడతారు, అది మన నాలుకకు నచ్చుతుంది. నిజమైన డబ్లిన్ వంట మాత్రం కాడిల్. సాసేజీలు, పంది మాంసపు ముక్కలు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు నీళ్ళలో వేసి సన్న సెగ మీద గంటలకొద్దీ ఉడికిస్తారు. వేయించరు, రంగు రానివ్వరు. మిరియాలే మసాలా. చూడటానికి పాలిపోయి ఉంటుంది, తింటే కడుపులో వెచ్చగా నిలుస్తుంది.

కాడిల్ తినడానికి గ్లాస్‌నెవిన్ వెళ్ళాలి. అక్కడి పెద్ద శ్మశానవాటికను ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ కృషితో 1832లో తెరిచారు. దాని పాత గేటు పక్కనే 1833లో జాన్ కావనా పబ్ వెలిసింది. ఊరు దాన్ని గ్రేవ్‌డిగ్గర్స్ అనే పిలుస్తుంది. గోతులు తవ్వేవాళ్ళు పారతో గోడ మీద కొట్టి తమకు కావలసింది చెప్పేవారని కథ. ఇప్పటికీ ఆ కుటుంబానిదే. టీవీ లేదు, పాట లేదు. లాంగ్ హాల్ మెరుపు తర్వాత ఇక్కడికి వస్తే కన్ను తడబడుతుంది. పాలిష్ లేదు, బంగారు రేకు లేదు, షాండ్లియర్ లేదు. రంగు వెలిసిన పలకలు, వట్టి చెక్క నేల, గట్టి బెంచీలు. కానీ తెరలు ఇక్కడా ఉన్నాయి, అదే ఎత్తులో, అదే లెక్కలో. అలంకారం అంతా తీసేస్తే డబ్లిన్ పబ్‌లో ఏది మిగులుతుందో ఈ గది చూపిస్తుంది. పక్క బల్ల మాట వినిపించీ వినిపించనంత దూరం, ఎదుటి మనిషి గొంతు పెంచకుండా వినిపించేంత దగ్గర. నా వరకు డబ్లిన్‌లో అన్నిటికంటే గొప్ప పనితనం ఈ పబ్‌దే.

ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్ళు ఉదయం బ్యూలీస్ కిటికీలతో మొదలుపెట్టాలి, ఆ వేళ అద్దాలను తీరిగ్గా చూడవచ్చు. అక్కడి నుంచి కీహోస్, లాంగ్ హాల్, స్టాగ్స్ హెడ్, ప్యాలెస్ అన్నీ నడక దూరమే. బ్యాగట్ స్ట్రీట్‌కు మాత్రం మధ్యాహ్నం మూడు లోపు చేరాలి. ఆఫీసులు వదిలాక టోనర్స్ స్నగ్‌లో చోటు దొరకడం కష్టం. చోటు దొరికితే కూర్చునే ముందు తలుపు చట్రం లోపలి అంచున వేలు పెట్టి, పలక గాడిలో ఎలా కూర్చుందో ఒకసారి తడిమి చూడండి.